సోఫా సినిమా కోసం గంగాలిన్ దాకా

సిడ్నీ శివారులోని మా స్కోఫీల్డ్స్ నుంచి కాన్‌బెర్రాకి జనం పూల తోటలు చూడ్డానికి వెళ్తారు, పిల్లలకి పార్లమెంటు చూపించడానికి వెళ్తారు. మేం ఒక సోఫా కోసం వెళ్లాం. అదొక బ్రిటిష్ కామెడీ సినిమాలోని సోఫా. ఇంట్లోవాళ్లు మామ్మ పాత సోఫాని ఆమెకి చెప్పకుండా అమ్మేస్తారు. ఆమె అలిగి మంచినీళ్లు కూడా ముట్టదు. ఇక కుటుంబమంతా ఆ సోఫాని వెతుక్కుంటూ ఊరు మీద పడుతుంది. కథ ఇంతే. సిడ్నీలో మా వైపు థియేటర్లలో వారం కూడా ఆడలేదు.

నేను దాని వెంట పడటానికి కారణం ట్రైలర్. పెళ్లికి ముందు ఇంగ్లండు ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో, ఎత్తు మీదున్న వీధిలో, మేడమీద గదిలో ఏడాది ఉండి చదువుకున్నాను. ట్రైలర్‌లో ఆ వీధి మెరిసి మాయమైంది. మా ఆయన శ్రీనుకి ఆ ఏడాది గురించి తెలిసింది ఒక్కటే, అక్కడ చలి ఎక్కువని. ఎప్పుడు చెప్పబోయినా మాట చలి దగ్గరే ఆగిపోయేది. తెర మీదైనా ఆ వీధిని అతనికి చూపించాలని పట్టుబట్టాను. కాన్‌బెర్రాలో ఒక చిన్న థియేటర్లో శనివారం రెండు ఆటలున్నాయి, ఆ తర్వాత అక్కడా తీసేస్తున్నారు.

పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. ఎం సెవెన్ మోటార్‌వే దిగి హ్యూమ్ హైవే పట్టుకుంటే గౌల్‌బర్న్ దాకా ఆలోచించే పనేమీ ఉండదు. అక్కడ కాఫీకి ఆగాలనుకుంటే జాకెట్లు డిక్కీలో పెట్టకండి, దిగగానే గాలి కోసేస్తుంది.

"రివ్యూలు చూసేను. ఒకడు ఫైవ్ స్టార్స్, ఇంకొకడు వన్ స్టార్. మధ్యలో ఎవడూ లేడు," అన్నాడు శ్రీను.

"నువ్వు సినిమా చూడక్కర్లేదు. వీధి చూడు చాలు."

"ఎంతసేపుంటాదేంటి?"

"ట్రైలర్లో రెండు సెకన్లు."

"రెండు సెకన్లకి దగ్గర దగ్గర త్రీ హండ్రెడ్ కిలోమీటర్స్. ఓకే," అని రేడియో పెట్టుకున్నాడు.

కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో మా పిన్ని కూతురు పద్మక్క ఉంటుంది. కారు వాళ్లింటి దగ్గర ఆపి, సాయంత్రం బిర్యానీకి వచ్చేస్తామని మాటిచ్చి ట్రామ్ ఎక్కాం. బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే చాలు, అరగంటలోపే సిటీలో దింపేస్తుంది. అక్కడి నుంచి థియేటర్‌కి నడకే. కౌంటర్లో ఉన్న పెద్దావిడని శ్రీను మొదట అడిగిన ప్రశ్న, ఇంటర్వెల్ ఎప్పుడని.

"ఇంటర్వెలా? గంటన్నర సినిమాకి ఇంటర్వెల్ ఎందుకు డియర్?" అని ఆవిడ నవ్వింది.

మధ్యాహ్నం ఆటకి హాలు సగం పైనే నిండింది, దాదాపు అందరూ నెరిసిన తలలే. మామ్మ టీ వద్దంటుంది. అయినా కొడుకు పెడతాడు, కోడలు పెడుతుంది, చివరికి పక్కింటాయన కూడా ఒక కప్పు పట్టుకొస్తాడు. హాలంతా పగలబడి నవ్వింది.

"ఇందులో జోకేంటి?" శ్రీను గుసగుసలాడాడు.

"టీ వద్దంది కదా."

"ఔను, వద్దంది. తర్వాత?"

మా వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, కార్లో కూర్చుంటానని భార్యకి గట్టిగానే చెప్పి వెళ్లిపోయాడు. ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. అరగంట గడిచాక కుటుంబానికి సోఫా దొరికింది. మామ్మని దాని మీదే కూర్చోబెట్టి మోసుకెళ్తూ అందరూ పాట ఎత్తుకున్నారు.

శ్రీను గాజువాకలో సినిమాలు చూస్తూ పెరిగినవాడు. అక్కడ పాటంటే క్యాంటీన్. అతనేమీ ఆలోచించలేదు, కాళ్లే లేచి వెళ్లిపోయాయి. సరిగ్గా అప్పుడే నా వీధి వచ్చింది. నల్లబడిన రాళ్ల ఇళ్లు, నిట్టనిలువు ఎత్తు, సగం దూరంలో పొట్టి గోడ. రెండు సెకన్లు కాదు, పాటలో ఒక చరణమంతా అక్కడే. మోయలేక సోఫాని ఆ గోడ మీదే దించారు. పక్కకి తిరిగి చూస్తే ఖాళీ సీటు. నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

పాట అయ్యాక చిప్స్‌తో వచ్చాడు. "ఏమైనా మిస్సయ్యానా?"

"లేదు," అన్నాను.

ఆట అయ్యాక బయట ఒకావిడ, అచ్చం తన అన్నయ్య ఇల్లే అంటూ కళ్లు తుడుచుకుంటోంది. ఆవిడ స్నేహితురాలు మాత్రం, అసలేం జరిగిందని ఇంత సినిమా తీశారని విసుక్కుంటోంది. శ్రీను మాత్రం ఇంకా ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు.

"మీ వీధేది మరి? ఎండింగ్‌లో ఉంటాదేమో అనుకున్నాను."

"పాటలో అయిపోయింది."

చేతిలో ఉన్న చిప్స్ పొట్లాం వంక కాసేపు చూశాడు. నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

"మళ్లీ ఇదే సినిమాకా? నిన్న ఒకాయన డబ్బులు వెనక్కిమ్మన్నాడు," అంది ఆ పెద్దావిడ, టిక్కెట్లు ఇస్తూ. పద్మక్కకి నేను ఫోన్ చేశాను.

"పిచ్చెక్కిందా ఏంటే మీకు? బిర్యానీ దమ్ములో పెట్టేశాను!"

సాయంత్రం ఆటకి పదిమంది ఉంటారేమో, అంతా కుర్రవాళ్లే. టీ సీను వచ్చినా ఎవరూ కిక్కురుమనలేదు. రెండో కప్పు దగ్గర శ్రీను ఒక్కడే ఫక్కున నవ్వాడు. తలలు తిరిగాయి. ముందు వరసలో అమ్మాయి అతని నవ్వు చూసి నవ్వింది, పక్కింటాయన కప్పు దగ్గరికి వచ్చేసరికి మరో ఇద్దరు ముగ్గురు కలిశారు. పాట మొదలైంది. శ్రీను రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చున్నాడు. వీధి వచ్చింది, వెళ్లింది.

తిరుగు ట్రామ్‌లో రెండు స్టాపులు దాటాక అడిగాడు. "అంత ఎత్తు మీదకి బియ్యం ఎలా మోసుకెళ్లేదానివి?"

పెళ్లయి ఇన్నేళ్లలో ఆ ఏడాది గురించి చలి కాకుండా అతనడిగిన మొదటి ప్రశ్న అది.

"సోఫా దించారు చూడు, ఆ గోడ మీద పెట్టి కూర్చునేదాన్ని."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. ఎవరూ లేనప్పుడు పాటలు కూడా పాడేదాన్ని."

"ఏ పాటలు? చెప్పు, గంగాలిన్ ఇంకా చాలా దూరముంది."

సినిమా బాగుందా అంటే నేను తేల్చి చెప్పలేను. మధ్యాహ్నం బాగానే ఉంది. సాయంత్రం ఒక మనిషి నవ్వేదాకా బాగాలేదు. ఒకాయన కార్లో కూర్చున్నాడు, ఒకావిడ కళ్లు తుడుచుకుంది, ఇద్దరూ చూసింది ఒకే సోఫాని. స్టార్లు ఇచ్చినవాళ్లెవరికీ ఆ గోడ సంగతి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. మా ఇంట్లో తెలియాల్సినవాడికి తెలిసింది. పద్మక్క బిర్యానీ చల్లారిపోయినా నాకు చాలా రుచిగా అనిపించింది. ఇలాంటి సినిమాకి వెళ్లేవాళ్లకి ఒకటే సూచన: ఇంటర్వెల్ ఉండదు, తినేదేదో ముందే కొనుక్కుని కూర్చోండి.