మువ్వల జెట్టు

మా ఇంట్లో నాకొక బిరుదు ఉండేది: ఆరంభశూరురాలు. సగం అల్లి వదిలేసిన స్వెట్టరు, పువ్వులు పూసి ఆకులు వేయని టేబుల్ గుడ్డ, సరళీ స్వరాల దగ్గరే ఆగిపోయిన సంగీతం, అన్నీ నావే. మొదలుపెట్టేటప్పుడు నా హుషారు చూస్తే ఈ పిల్ల తిండి మానేసైనా పూర్తి చేస్తుందని ఎవరైనా అనుకోవాల్సిందే. వారం తిరిగేసరికి అది అటక మీద ఉండేది.

అందుకే మా అన్న, ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ విమానం డబ్బా నాకు పంపించినప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. అన్న బెంగళూరులో, విమాన దళంలో మెకానిక్కు. అరవైల్లో సంగతి. వాడి స్నేహితుడొకాయన చిక్కబళ్ళాపురం వాడు, రజా మీద సొంతూరికి వస్తూ పనిగట్టుకుని మా ఊరు బాగేపల్లి దాకా వచ్చి డబ్బా నా చేతికిచ్చాడు.

"మీ అన్న చెప్పమన్నాడమ్మా. దసరాకు తాను వచ్చేతలికి ఇది మూడు చక్రాల మీద నిలబడి ఉండాలంట. ఉంటే నిన్ను బెంగళూరికి పిలుచుకోని పోయి నిజమైన జెట్టు చూపిస్తాడంట. లేకుంటే డబ్బా ఎనక్కి తీసుకోని పోయి ఇంకెవరికన్నా ఇచ్చేస్తాడంట."

నాకు ఒళ్లు జల్లుమంది. అప్పుడప్పుడు మా ఊరి మీదుగా జెట్లు పోయేవి. చప్పుడు విని బయటికి పరుగెత్తేసరికి ఆకాశంలో తెల్లటి గీత తప్ప ఏమీ మిగిలేది కాదు. వేరుశనగ చేలల్లో కలుపు తీసేవాళ్లు కూడా నడుము మీద చెయ్యేసుకుని ఆ గీతను చూసేవాళ్లు. గీత చూసీ చూసీ నాకు విసుగొచ్చింది. ఆ గీత గీసేదాన్ని ఒక్కసారైనా దగ్గరగా చూడాలని నా కోరిక.

డబ్బా తెరిస్తే వెండిరంగు ప్లాస్టిక్ కాడలకు చింతకాయల్లా వేలాడుతూ చిన్న చిన్న ముక్కలు. రెక్కలు, తోక, గోరంత చక్రాలు, కుర్చీతో సహా ఒక బుల్లి పైలట్. జిగురు గొట్టం మూత తీయగానే ముక్కు పుటాలు అదిరిపోయే వాసన. ఆ సాయంత్రమే వీధిలో ఉన్న నా స్నేహితురాళ్లందరికీ బెంగళూరు ప్రయాణం గురించి చెప్పేశాను. మా నాయన మిడిల్ స్కూల్లో మేష్ట్రు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నా నెత్తిన ఒక్కటి మొట్టాడు. కానీ ఇంగ్లీషులో ఉన్న కాగితం చదివి చెప్పడానికి ఆయనే ముందుకొచ్చాడు. నాకంటే ఆయనకే ఎక్కువ సరదాగా ఉందని నాకు అర్థమైపోయింది.

ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాం. విమానం ఒళ్లు రెండు అరలుగా ఉంది, చేప మధ్యకు చీలినట్టు. వాటిని కలపడమే పెద్ద పని. మా అవ్వ, అంటే నాయనమ్మ, గడప దగ్గర కూర్చుని వత్తులు చేసుకుంటూ అంతా చూస్తోంది. ఉన్నట్టుండి వత్తులు పక్కన పెట్టింది.

"రెండు అరలు ఒకటి చేసేదంటే పెండ్లి మాదిరే. ఇంకాసేపటికి రాహుకాలం వస్తాది. అది రాకముందే కలిపేయండి."

"ఉండమ్మా, చదువుతాండాను గదా" అన్నాడు నాయన. "మూతి లోపల ఏదో బరువు పెట్టి, ఆ తర్వాత అతికించాలంట."

"బరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు. పోయిన ముహూర్తం తిరిగి వస్తాదా? ఆలస్యం అమృతం విషం."

నాయన గడియారం వైపు చూశాడు. నేను నాయన వైపు చూశాను. ఇంగ్లీషు కాగితం ఓడిపోయింది, అవ్వ గెలిచింది. గబగబా జిగురు పూసి రెండు అరలూ కలిపి, దారంతో చుట్టి పక్కన పెట్టాను. రాహుకాలం వచ్చేసరికి ముగ్గురం కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్నాం.

ఆ తర్వాత రోజులు నేను నేలమీద నడిచిన గుర్తు లేదు. బడి నుంచి రాగానే సంచీ విసిరేసి దాని ముందు కూర్చునేదాన్ని. రెక్కలు అతికాయి, తోక అతికింది. డబ్బాలో వచ్చిన గుర్తులు ఏదో పరదేశానివి. అవి నాకు నచ్చలేదు. పెన్ను మూతతో గుండ్రాలు గీసి, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ నేనే వేశాను. చివరికి చక్రాలు కూడా అతికించి, ఆరాక, ఊపిరి బిగబట్టి బల్లమీద నిలబెట్టాను.

జెట్టు మూతి పైకెత్తి, తోక మీద చతికిలబడింది, అన్నం కోసం చూసే కుక్కలాగా.

మళ్లీ నిలబెట్టాను. మళ్లీ కూర్చుంది. మూతిలో బరువు ఎందుకు పెట్టమన్నారో అప్పుడు తెలిసింది. అరలు విడదీద్దామంటే అవ్వ ముహూర్తబలమో ఏమో, జిగురు రాయిలా పట్టేసింది. కోపంతో ఏడుపొచ్చింది. అన్న రావడానికి ఇంకెంతో సమయం లేదు. ఎప్పటిలాగా అటక ఎక్కించేద్దామా అనిపించింది కూడా. ఎక్కిస్తే బెంగళూరు లేదు, బిరుదు మాత్రం ఉంటుంది.

పైలట్‌ను ఇంకా కూర్చోబెట్టలేదు కనుక అక్కడొక చిన్న సందు మిగిలింది. అందులోంచి పలక బలపం ముక్కలు వేసి చూశాను, గులకరాళ్లు వేసి చూశాను. ఏదీ చాలలేదు. నాయన స్కూలు నుంచి గుండుసూదులు తెచ్చాడు. అవీ చాలలేదు.

దసరా దగ్గరపడి అవ్వ కొలువు బొమ్మల పెట్టె దించింది. పాత చీర ముక్కల్లో చుట్టిన బొమ్మలను ఒక్కొక్కటే విప్పుతుంటే, అడుగున చిన్న గుడ్డ మూట గలగలమంది. విప్పితే వెండి మువ్వలు, మిరియం గింజలకంటే కాస్త పెద్దవి. అన్న పాకే రోజుల్లో వాడి మొలతాడుకు కట్టినవి. నేను వాటి వైపు చూశాను, జెట్టు వైపు చూశాను, అవ్వ వైపు చూశాను.

"ఆశ పడొద్దు. ఇయ్యను" అంది అవ్వ, నేను నోరు తెరవకముందే.

బతిమాలలేదు. బతిమాలితే వినే మనిషి కాదు. కొంతసేపు బొమ్మలు తుడుచుకుంది. తర్వాత తనే లేచి, మూట తెచ్చి నా ఒడిలో వేసింది.

"యాడో పెట్టెలో పడి ఉండేదానికంటే వాడి విమానంలో ఉండనీ. పెట్టు."

గుండుసూదులకు తోడుగా ఒక్కొక్క మువ్వను సందులోంచి జారవిడిచాను. నా సగం స్వెట్టరు సూదితోనే దూది కూరి, అవి మూతిలోంచి కదలకుండా చేశాను. ఆ సూదికి అదే మొదటి పూర్తయిన పని. పైలట్‌ను కూర్చోబెట్టి, అద్దం మూసి, బల్లమీద పెట్టి చెయ్యి తీశాను. మూతి మెల్లగా కిందికి దిగింది. మూడు చక్రాలూ బల్లను తాకాయి. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు ఏం కొంప మునిగిందోనని వచ్చారు.

ఆయుధ పూజ రోజు అన్న బస్సు దిగాడు. జెట్టు కొలువులో పై మెట్టు మీద, రామలక్ష్మణుల పక్కన, మూతికి గంధం బొట్టుతో నిలబడి ఉంది. అన్న నమ్మలేదు. అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు, వంగి చక్రాలు చూశాడు. తర్వాత రెండు చేతులా ఎత్తాడు. అది సన్నగా గల్లుమంది.

"లోపల ఏందో ఇరిగినట్టుండాదే" అన్నాడు, చెవి దగ్గర పెట్టుకుని.

"ఏమీ ఇరగలేదప్పా" అంది అవ్వ. "నీ మొలతాడు మువ్వలు అవి. అప్పుడు నువ్వు యాడ పాకతాండావో తెలియాలని కట్టినాను. ఇప్పుడు నువ్వు యాడ ఉండావో నాకేం తెలస్తాండాది?"

అన్న దాన్ని ఇంకోసారి, ఈసారి కావాలనే, మెల్లగా ఊపాడు. మళ్లీ గల్లుమంది. పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెట్టు మీద పెట్టి, నా వైపు తిరిగాడు.

"పండగ కాంగానే మొదటి బస్సుకు పోదాం. సిద్ధంగా ఉండు." తర్వాత అవ్వ దగ్గర కూర్చున్నాడు. "నువ్వు గూడా రా అవ్వా. నేను యాడ ఉంటానో నువ్వే చూసుకుందువు."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వంటింటి వైపు తిరిగి, బయలుదేరే పొద్దు రాహుకాలం ఎప్పుడో చూడమని నాయన్ను కేకేసింది.