నిలువు ఏడు, మూడక్షరాలు

ఈ ఆదివారం పొద్దున హోటల్ నుంచి తెచ్చుకున్న ఉగ్గాని పొట్లం పక్కన పెట్టుకుని, పేపరుతోపాటు వచ్చే పుస్తకంలో గళ్ళనుడికట్టు తీసి కూర్చున్నాను. అడ్డం ఆధారాలు ముగించి నిలువు దగ్గరికి వస్తే, ఏడో ఆధారం దగ్గర పెన్ను ఆగిపోయింది. ‘తిరువయ్యూరు వాగ్గేయకారుని ఇంటిపేరు’, మూడు గళ్ళు. జవాబు తెలియక ఆగలేదు. ఆ మూడక్షరాలను ఈ జన్మకు నేను మరిచిపోలేను. చేయి దానంతటదే ఫోను అందుకుని ఎమ్మిగనూరుకు, అన్న నంబరుకు కలిపింది. అవతల మోగుతుండగా గుర్తొచ్చింది, అన్న పోయి పది నెలలయిందని.

ఇల్లాలు పోయిన తర్వాత ఆదోనిలో ఒంటరిగా ఉంటున్న నాకు, వారంలో ఎదురుచూడటానికి మిగిలిన పని అన్నతో మాట్లాడే ఆ ఆదివారం ఫోను ఒక్కటే ఉండేది.

నాయన కాలం చేసేనాటికి అన్న ఐదో తరగతి. పలక పక్కన పెట్టి, నాయన కూర్చున్న గుంతమగ్గంలోనే కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఆ నేతమీదే నేను ఆదోని హాస్టల్లో ఉండి కాలేజీ చదువు చదివాను. మా వీధి మంగలి అంగడికి ఒక వారపత్రిక వచ్చేది, వీధంతా చదివి నలిపి వదిలిన తర్వాత, నేను ఇంటికి వెళ్ళే ఆదివారానికి అది మా చేతికి అందేది. అన్నకు కథలతో పనిలేదు, నేరుగా చివరి పేజీలో గళ్ళు. అప్పట్లో తెల్లకాగితం మీద గళ్ళు గీసి పంపినా ఒప్పుకునేవారు, మీలోనూ ఎంతమంది స్కేలు పెట్టి గీసి ఉంటారో.

అన్న ఎప్పుడూ నిలువు ఆధారాలే ముందు పట్టేవాడు. అందరిలా అడ్డం నుంచి మొదలుపెట్టమంటే నవ్వేవాడు. “పడుగు ఎయ్యకుండా పేక యాడ ఆడిస్తావురా?” మగ్గానికి నిలువు దారం ముందు సిద్ధమైతేనే కదా అడ్డదారం నడిచేది! అలా నిలువు అన్నది, అడ్డం నాది అయింది. వాడి చదువు ఐదే అయినా, నేసేవాళ్ళకు చేతులూ కాళ్ళూ పనిలో ఉంటాయి గానీ చెవులు ఖాళీ, భజన గుడిలో విన్న ప్రతి ముక్కా వాడికి గుర్తే.

అన్నీ సరిగా పూరించినవాళ్ళ పేర్లు ఆ పత్రిక ఇంటిపేరుతో సహా అచ్చు వేసేది. బహుమతి ఏమీ లేదు. మా వీధిలో ఎవరు ఎవరిని పలకరించినా ముందు అడిగేది ఇంటిపేరే, ఆ ఇంటిపేరును ఒక్కసారి అచ్చులో చూడాలని అన్న కోరిక. వాడు నన్ను జీవితంలో అడిగిన కోరిక అదొక్కటే అనుకుంటాను.

ఆ వారం ఒక్క గడి కూడా మిగలకుండా నిండింది. అడ్డం ఏడు ‘కాలువ’ అని నేను పూరించాను. అదే ‘కా’తో మొదలయ్యే నిలువు ఏడులో, ఈ పొద్దు నాకు తగిలిన ఆధారానికే, అన్న ‘కాకర్ల’ అని పెన్సిలుతో రాశాడు. హరికథ దాసుగారు ఏటా చెప్పేది విన్నాను, అదే ఇంటిపేరు అన్నాడు. నేను తలూపి కాగితం ఆదోనికి తీసుకుపోయాను. అక్కడ సిరాతో మంచి ప్రతి రాస్తూ ఉండగా నా చదువు నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంటిపేర్లు ఊళ్ళపేర్ల నుంచి వస్తాయి, హాస్టల్లో పాటలు పాడే పిల్లవాడి ఇంటిపేరు కావూరి, మగ్గం గుంతలో కూర్చునే మనిషికి ఇంత పెద్దవాళ్ళ సంగతులు ఏం తెలుస్తాయి? వాణ్ణి అడగకుండానే ‘కావూరి’ అని రాసి పోస్టు డబ్బాలో వేశాను. కాకర్ల కూడా ఒక ఊరేనని చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు.

ఫలితాలు నేను ఆదోనిలోనే చూశాను. జవాబుల్లో అన్న రాసిన మాటే ఉంది, పేర్లలో మా ఇంటిపేరు లేదు. తప్పిన మాట అదొక్కటే. ఆదివారం ఇంటికి పోతే, అన్న మగ్గం దిగి వచ్చి ఏమైందిరా అన్నాడు. ఈసారి పేర్లు వేయలేదన్నా అని చెప్పాను. సర్లే పోనీ అని మళ్ళీ మగ్గంలో దిగాడు. కొన్ని నెలలకు ఆ పత్రికే ఆగిపోయింది, మా పేరు ఎక్కడా అచ్చు కాలేదు.

తర్వాత నేను పెద్దకడుబూరు బడిలో పంతులునయ్యాను. ఫోన్లు వచ్చాక ప్రతి ఆదివారం ఏడింటికి అన్న పలికేవాడు, ఇద్దరి దగ్గరా అదే పేపరు. కానీ నిలువులో కవులు, గాయకులు, మహానుభావులు తగిలితే చాలు, “పెద్దోళ్ళ సంగతి నువ్వు సెప్పురా, సదువుకున్నోనివి” అనేవాడు. నేను గొప్పగా చెప్పేవాణ్ణి. లోపల మాత్రం, వాడి జవాబు మీద వాడికే నమ్మకం పోగొట్టానేమో అని గుచ్చుకునేది. ఎన్నిసార్లు చెప్పేద్దామనుకున్నానో, ధైర్యం చాలలేదు.

ఈ పొద్దు ఫోను వదిన ఎత్తింది. ఇక దాచి ఎవరికోసమని, ఉన్నదంతా చెప్పాను.

“మీయన్నకు ఆపొద్దే తెలుసప్పా. మంగలంగట్లో జవాబులూ పేర్లూ సూసొచ్చినాడు. తమ్ముడు సిన్నబోతాడు, యాడా ఆ మాట ఎత్తొద్దు అన్న్యాడు.”

మరి నన్నెందుకు అడిగేవాడు వదినా అన్నాను.

“ఆ జవాబులన్నీ ముందే నాకు సెప్తాండె. అయినా వాన్నే సెప్పనీలే, వానికి సంతోషం అంటాండె.”

ముప్పై ఏళ్ళు బడిలో, తెలిసిన ప్రశ్నలే పిల్లలను అడిగాను, వాళ్ళు చెబితే వీపు తట్టాను. నా వీపు తడుతున్న చేయి మాత్రం నాకు తెలియలేదు. దాచానని నేను అనుకున్న మాటను నాకంటే జాగ్రత్తగా వాడు దాచిపెట్టాడు. ఉగ్గాని చల్లారిపోయింది. కళ్ళు తుడుచుకుని నిలువు ఏడులో ‘కాకర్ల’ అని సిరాతో రాశాను, మిగతా నిలువు గళ్ళు అలాగే వదిలేశాను.

ఇప్పుడు గళ్ళు కూడా ఫోనులోకే వచ్చాయి. మాట తట్టకపోతే వేలితో నొక్కితే చాలు, అదే చెప్పేస్తుంది, ఎవరినీ అడగనక్కరలేదు. మంచిదే. జవాబు తెలిసి కూడా నన్ను అడిగే మనిషి మాత్రం ఇక నాకు లేడు.