తలుపు మీద సున్నం

మా వీధి చివరి ఇంట్లో పెళ్లి ఉందని నిన్నటి నుంచి గోడలకు సున్నం వేస్తున్నారు. డ్రమ్ములో నీళ్లు పోయగానే సున్నం బుసబుస పొంగి, ఆ వేడి వాసన గాలితో పాటు మా వరండాలోకి వచ్చింది. చదువుతున్న పత్రిక మడిచి పక్కన పెట్టాను. తడి సున్నం వాసనకు చాలామందికి పండుగలు గుర్తుకొస్తాయి. నాకు ఎల్లవ్వ గుర్తుకొస్తుంది. రామన్నపేటలో మా పక్కింటి ఎల్లవ్వ. నేను నల్లగొండకు వచ్చి స్థిరపడి ఇన్నేళ్లయినా, ఆమె పోయి ఇంకా ఎక్కువ ఏళ్లయినా, ఆమెకు చెప్పకుండా దాచుకున్న ఒక చిన్న మాట ఈ వాసన తగిలినప్పుడల్లా నోటిదాకా వస్తుంది.

ఎల్లవ్వది గొర్రెలు కాసుకునే కుటుంబం. భర్త పోయాక మందను కొడుకు మల్లయ్య చూసుకునేవాడు. ఆమె ఇంటి ముందు కూర్చుని ఉన్ని వడికేది. అప్పటికి యాభై దాటి ఉంటాయి. ఆమె ఇంటితో కలిపి మా వరుసలో ఉన్న ఆరు ఇళ్లకూ పొద్దున మొదటి నిప్పు ఆమె పొయ్యిదే. రాత్రి వంటయ్యాక నిప్పులను బూడిదతో కప్పి పెడితే తెల్లవారేదాకా ఆరకుండా ఉండేవి. అగ్గిపెట్టెలు లేని రోజులేమీ కావు అవి. కానీ పక్కింట్లో నిప్పు ఉండగా పుల్ల గీయడం ఎవరికీ తోచేది కాదు. పిడక ముక్క పట్టుకుని ఎల్లవ్వ దగ్గరికి వెళ్లి, దాని మీద రెండు నిప్పులు పెట్టించుకుని, ఊదుకుంటూ ఇంటికి రావడం నా పని. అందరికీ నిప్పు ఇచ్చాక ఆమె వాకిట్లో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఒక్కో ఇంటి కప్పు వైపు చూసేది. ఆరు కప్పుల మీదా పొగ లేచిన తర్వాతే వెళ్లి ముఖం కడుక్కునేది. అదేదో అలవాటు అనుకున్నాను. అది కాపలా అని చాలా ఆలస్యంగా తెలిసింది.

నా సంగతీ కొంచెం చెప్పాలి. నేను బడిలో చదివింది మూడేళ్లు, అదీ ఉర్దూలో. తర్వాత గడబిడల కాలంలో బడి మూతపడింది, తెరిచేసరికి ఆడపిల్లకు ఇక చదువెందుకన్నారు. తెలుగు అక్షరాలు నాకు నేనే నేర్చుకున్నాను, బజారులోని ఒంటిగది గ్రంథాలయంలో. రెండు బీరువాల పుస్తకాలు, ఒక రోజు ఆలస్యంగా వచ్చే పత్రిక, ఒక పొడుగాటి బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏ విషయం చదివినా ఇంటికొచ్చి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. దొరికేది ఎల్లవ్వే.

"ఏం కితాబుల పిల్లా, ఇయ్యాల ఏం సదివినవ్?" అనేది కదురు ఆపకుండానే.

"సముద్రం గురించి సదివిన అవ్వా. ఆ నీళ్లన్నీ ఉప్పగుంటయట."

"గది కితాబుల సూడాల్నా? మీ అమ్మ పులుసు తిన్నోళ్లకు ఎరుకే గద."

లోపలి నుంచి మా అమ్మ తిట్టేది, ఎల్లవ్వ నవ్వేది. నాకు ఉక్రోషంగా ఉండేది. చదువు రాని మనిషికి నేనెంత చెప్పినా ఇంతే అనుకునేదాన్ని.

నాకు పదిహేడేళ్లప్పుడు, యాభైల చివర్లో, ఎండాకాలం వెళ్లిపోతుండగా ఫ్లూ జ్వరం వచ్చింది. దేశదేశాలు తిరుగుతున్న జ్వరమని పత్రికలో ముందే చదివి ఉన్నాను కాబట్టి, అది మా ఊరికి వచ్చినప్పుడు భయంతో పాటు ఒక రకమైన గర్వం కూడా కలిగింది, ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. దవాఖానలో ఎర్రమందు పోసి ఇవ్వడానికి సీసాలు చాలక, ఇంటి నుంచి తెచ్చుకోమన్నారు. గ్రంథాలయంలో అంటువ్యాధుల గురించి ఒక సన్నని పుస్తకం ఉండేది. దాన్ని రెండుసార్లు చదివాను. దగ్గు వల్ల, తుమ్ము వల్ల, దగ్గరగా మసలడం వల్ల జ్వరం పాకుతుందనీ, రోగి ఉన్న ఇంటికి రాకపోకలు మానాలనీ అందులో ఉంది. మా వరుసలో ఒక ఇంట్లో, మర్నాడు మరో రెండు ఇళ్లలో జ్వరం మొదలవగానే నేను ముంతలో సున్నం కలుపుకుని బయల్దేరాను. మా ఇళ్ల తలుపులన్నీ చెద పట్టకుండా తారు పూసిన నల్లని తలుపులు. వాటి మీద తెల్లగా, అరచేయంత అక్షరాలతో "లోపలికి రావద్దు" అని రాశాను. రెండు రెక్కల తలుపులు కాబట్టి మాట కూడా రెండుగా చీలింది. ఎడమ రెక్క మీద "లోపలికి రా", కుడి రెక్క మీద "వద్దు". రెక్కలు రెండూ మూస్తే పూర్తి మాట.

"మా పిల్ల రాస్తే అచ్చు గుద్దినట్టుంటది," అని బాపు అందరితో అన్నాడు. ఆ మర్నాడే ఆయనా, అమ్మా మంచం పట్టారు. మా తలుపు మీద కూడా రాశాను. ఆ తర్వాతి రోజు నేనూ పడిపోయాను.

ఈ నాలుగు రోజులూ ఎల్లవ్వ ఊళ్లో లేదు. దూరపు చేలల్లో ఎరువు కోసం మందను పెట్టారు. గొర్రెలు ఈనుతున్నాయని కొడుక్కి సాయంగా వెళ్లింది. నేనేం రాశానో, ఎందుకు రాశానో ఆమెకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు. చెప్పగలిగే ఆరోగ్యం కూడా ఎవరికీ లేదు.

మా ఇంట్లో కుండ అడుగంటింది. బాపు వణుకుతూ దుప్పటి కోసం తడుముకుంటున్నాడు. అమ్మ పెదవులు పగిలి, పిలిస్తే పలకడం మానేసింది. నేను లేచి రెండడుగులు వేసి గోడ పట్టుకుని కూలబడ్డాను. వాకిట్లో ఎవరిదో అడుగుల చప్పుడు వినిపించి ఆగింది. తలుపు ముందు ఎవరో నిలబడ్డారు. ఎవరైనా సరే, చదివి వెనక్కి పోతారు, నేనే కదా రాశాను, అనుకున్నాను. కుడి రెక్క కిర్రుమంది. ఒక చేతిలో నిప్పులున్న పెంకుతో ఎల్లవ్వ లోపలికి వచ్చింది.

అప్పుడు "రాకు అవ్వా" అనాలి. ఆ పుస్తకం చదివిన దాన్ని నేను. నోరు తెరిచాను కూడా. ఆ నోట్లో ఆమె నీళ్లు పోసింది. నేనేమీ అనలేదు.

పొయ్యి అంటించి, జొన్న అంబలి కాచి, మజ్జిగ కలిపి అమ్మ తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో పట్టింది. అమ్మ మింగేదాకా ఆగి, మళ్లీ పట్టింది. ఆ పూటంతా అదే పని. సాయంత్రానికి అమ్మ కళ్లు తెరిచి, ఎవరని అడిగింది.

"నీ పులుసు తిన్న పాపానికి సేవ జేస్తున్న," అంది ఎల్లవ్వ.

నేను అడిగాను, "మాకు బాగలేదని ఎట్ల తెల్సిందవ్వా?"

"పొగ లేవకపాయె. మల్ల తలుపుకు సున్నం బెట్టిన్రు గద. మందల బాగలేని గొర్రెకు గట్లనే సున్నం బొట్టు పెడ్తం పిల్లా. దూరంకెల్లి కనవడాలె, ముందుగాల దానికాడికే పోవాలెనని. ఎవలు పెట్టిన్రో గని మంచి తెలివి."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా సున్నం ఉన్న నాలుగు ఇళ్లకూ, సరిగ్గా ఆ నాలుగు ఇళ్లకే, ఆమె వారం రోజులు తిరిగింది. నిప్పు, నీళ్లు, అంబలి. మా వరుసలో ఎవరూ పోలేదు. కోలుకున్నాక దవాఖాన కాంపౌండర్ అమ్మ చేయి పట్టి చూసి, ఇంకొక్క రోజు నీళ్లు పడకపోతే దక్కేది కాదన్నాడు.

నేను లేచి తిరుగుతున్న మూడో రోజు పొద్దున పిడక ముక్కతో వాకిట్లోకి వచ్చి, ఆమె చేసినట్టే కప్పుల వైపు చూశాను. నేను నిప్పు తేవాల్సిన మా ఇల్లు తప్ప, మిగతా నాలుగు కప్పుల మీద పొగ ఉంది, ఆలస్యమైందని పుల్ల గీసుకున్నట్టున్నారు. ఎల్లవ్వ కప్పు మీద లేదు. ఆమె తలుపు మీద సున్నమూ లేదు. మల్లయ్య మంద దగ్గర ఉన్నాడు. గడప ముందు నిలబడ్డాను. లోపల నుంచి దగ్గు. పుస్తకంలోని వాక్యాలన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి. అవి తప్పని నేను ఇప్పటికీ అనను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, చేతిలోని పిడక పొడి పొడి అయ్యేంత సేపు. చివరికి పుస్తకంలో చెప్పినట్టే మూతికి కొంగు గట్టిగా చుట్టుకుని, చెప్పని పని చేశాను, లోపలికి వెళ్లాను.

"దొంగలెక్క మూతికి గుడ్డేంది పిల్లా," అంది, కళ్లు సగం తెరిచి. "నేను సున్నం బెట్టలే గద. ఎట్లెరుక?"

"పొగ లేవలే అవ్వా."

ఆమె నా వైపు చూసి, నా చేయి పట్టుకుంది. గ్రంథాలయంలో నేనెన్ని చదివినా ఎవరూ నన్ను అలా చూడలేదు.

జ్వరం తగ్గింది గానీ దగ్గు ఆమెను వదల్లేదు. పొయ్యి ఊదడానికి ఊపిరి చాలేది కాదు. అప్పటి నుంచి పొద్దున్నే వెళ్లి ఆమె పొయ్యి నేను ఊదేదాన్ని. ఆ నిప్పే మా ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆ దగ్గు ఎవరి ఇంట్లో అంటుకుందో నాకు తెలుసు. ఆ రోజు నేను నోరు మూసుకున్నందుకే మా అమ్మ బతికిందని కూడా తెలుసు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకింకా చేతకాదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, పని లేక కూర్చుని, "నాకు గుడ నాలుగక్షరాలు నేర్పు. నీ కితాబులల్ల ఏమున్నదో సూస్త," అంది. పలక తెచ్చాను. పొయ్యి ఊదినందుకు పంతులమ్మనయ్యాను. పిడికిలితో బలపం పట్టుకుని, గొర్రెను తిట్టినట్టు అక్షరాన్ని తిడుతూ రాసేది. రెండో వానాకాలానికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. మిగతా ఇళ్లవాళ్లు దసరాకు తలుపులు కడిగి మళ్లీ తారు పూసుకున్నారు. మా తలుపును మాత్రం నా చేతిరాత మీద మోజుతో బాపు కడగనివ్వలేదు. ఒకరోజు నిప్పు కోసం నేను వెళ్లలేదని ఎల్లవ్వే తెచ్చింది. గడప ముందు ఆగింది. ఆమె పెదవులు కదలడం లోపలి నుంచి చూశాను.

"లో... ప... లి... కి... రా," అని చదివి, వెలుగుతున్న ముఖంతో నా వైపు చూసింది. "లోపలికి రా. గిదేనా రాసింది?"

బయటికి వచ్చి చూశాను. మా తలుపు ఎడమ రెక్క ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నెట్టేది కుడి రెక్కనే. ఆ రెక్క మీది సున్నం చేతుల రాపిడికి అరిగిపోయి, నల్లటి తారు మీద తెల్లని మసక మాత్రం మిగిలింది. ఎడమ రెక్క మీద మాటలు మూడేళ్ల కిందటిలాగే ఉన్నాయి.

"గిదే అవ్వా," అన్నాను.

"గీ పక్కకు గుడ ఏమో ఉండె గద?" అని కుడి రెక్కను అరచేత్తో తడిమి చూసింది.

"ఏం లేదు."

ఆమె తన అరచేయి చూసుకుంది, తర్వాత నన్ను. నవ్వింది. తెలిసి నవ్విందో, చదవగలిగానన్న సంతోషంతో నవ్విందో నాకు తెలియదు. "అచ్చు గుద్దినట్టే ఉన్నది," అని మాత్రం అంది.

అరవైల మొదట్లో మేత దొరక్క మల్లయ్య మందను పాలమూరు వైపు తోలుకుపోయాడు. ఆమె కూడా వెళ్లింది. వెళ్లేముందు అన్ని ఇళ్లకూ నిప్పు ఇచ్చి, బూడిద కింద మిగిలిన నిప్పులను పెంకుతో తెచ్చి మా పొయ్యిలో పోసింది. ఆ తర్వాత ఆమె నుంచి వచ్చింది ఒక్క కార్డు. ఒత్తులు లేని పెద్ద పెద్ద అక్షరాలు. "బిడా పొగ లేసతునదా." ఏమని జవాబు రాయాలో తేల్చుకోవడానికి నెల పట్టింది. తలుపు మీద నిజంగా ఏం రాశానో చెప్పాలని మూడుసార్లు కార్డు మొదలుపెట్టి చించేశాను. చివరికి "లేస్తున్నది అవ్వా" అని మాత్రం రాశాను. అది చేరేసరికి ఆమె లేదని, ఆ వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి చెప్పాడు.

ఇప్పుడు ఏ కప్పు మీదా పొగ లేవదు. అయినా పొద్దున లేవగానే వాకిట్లోకి వెళ్లి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతాను. ఎవరి ముంగిట నీళ్లు చల్లలేదో, ఎవరి పాల ప్యాకెట్ ఇంకా గడప మీదే ఉందో చూస్తాను. అనుమానం వస్తే వెళ్లి తలుపు తడతాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

ఎల్లవ్వా, నేను రాసింది అది కాదు. రెండో రెక్క మీద ఇంకొక మాట ఉండేది. దాన్ని చెరిపింది నీ చేయే.