బ్యాటరీ లేని బస్సులో మోగిన బెల్లు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూసి నవ్వేవాణ్ణి నేను. తొర్రూరులో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. లారీలు, ట్రాక్టర్లు, వరి కోత మిషన్లు వస్తుంటాయి. యాక్సిడెంట్లలో మనుషులు పోయిన బండ్లు కూడా వచ్చాయి. వాటి కింద పడుకుని పని చేశాను, మధ్యాహ్నం వాటి సీట్ల మీదే కునుకు తీశాను. ఎన్నడూ ఏమీ అనిపించలేదు. వైరు కలిస్తే లైటు వెలుగుతుంది, తెగితే ఆరిపోతుంది. నాకు తెలిసింది అంతే.

ఇది జరిగి రెండు మూడు ఎండాకాలాలు అయింది. ఇప్పటికీ బండి కిందికి దూరే ముందు ఒకసారి ఆగుతాను.

జనగామలో సరోజనక్క అని ఒకామె ఉంది. కిరాణా హోల్‌సేల్ కుటుంబం. ఒకప్పుడు వాళ్లకు సొంత బస్సు ఉండేది. ముందు ముక్కు పొడుచుకొచ్చినట్టు ఇంజను ఉండే పాత కాలపు బస్సు. జనగామ నుంచి తొర్రూరు మీదుగా మహబూబాబాద్ దాకా తిరిగేది. ఆమె భర్త నడిపేవాడు, మరిది వెనక తలుపు దగ్గర కండక్టరు. ఇద్దరూ పోయారు. బస్సును మాత్రం అమ్మలేదు. దంతాలపల్లి దగ్గర బంధువుల రైస్ మిల్లు ఆవరణలో రేకుల షెడ్డు కింద పెట్టారు.

సరోజనక్క కూతురికి భూపాలపల్లి సంబంధం కుదిరింది. నాయిన నడిపిన బస్సులోనే పెళ్లికి పోతానని ఆ పిల్ల పట్టుబట్టింది. ఇంజను పని, కాగితాల పని వేరేవాళ్లు చూసుకున్నారు. కరెంటు పని నాకు అప్పజెప్పారు.

జబ్బు ఏమిటంటే, బ్యాటరీ నిలబడేది కాదు. సాయంత్రం నిండుగా చార్జ్ చేసి పెడితే తెల్లారేసరికి సెల్ఫ్ కొట్టినా కదిలేది కాదు. మొదట బెల్టు లూజుగా ఉందని బిగించాను. డైనమో విప్పి చూస్తే లోపల బొగ్గు బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి, మార్చాను. ఇంజను నడుస్తున్నప్పుడు మీటరు ముల్లు చక్కగా చార్జింగ్ వైపు చూపించింది. అయినా మర్నాటికి బ్యాటరీ దిగిపోయింది.

అంటే ఆగి ఉన్న బస్సులో ఎక్కడో కరెంటు కారిపోతోంది. బ్యాటరీ వైరు ఊడదీసి, మధ్యలో చిన్న బల్బు పెట్టాను. అన్ని స్విచ్చులూ ఆపేసినా బల్బు మినుకుమినుకుమంటూ వెలుగుతూనే ఉంది. హెడ్‌లైట్ల ఫ్యూజు తీశాను, ఆరలేదు. హారన్ తీశాను, లోపలి లైట్లు తీశాను, ఆరలేదు. ఒక్కొక్క వైరూ వెతుక్కుంటూ పోతే చివరికి ఒకటి మిగిలింది. బ్యాటరీ నుంచి వెనక తలుపు దగ్గరి బటన్ మీదుగా, పైకప్పు వెంట డ్రైవర్ తల మీది బెల్లు దాకా వచ్చే వైరు. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే పోవాలి, ఆ బెల్లు. వైరు మీది బట్ట తొడుగు చీకిపోయి బస్సు బాడీకి తగులుతోంది.

కటింగ్ ప్లేయర్‌తో దాన్ని నేనే కత్తిరించాను. బల్బు ఆరిపోయింది. జబ్బు దొరికిందని సంతోషంగా వైరు చివరలకు టేపు చుట్టాను.

ఆ మర్నాడు పొద్దున, బ్యాటరీకి ఒకసారి ఫుల్ చార్జ్ పెడదామని దాన్ని దించి ఆటోలో ఎక్కించాను. నేనూ ఎక్కాను. బస్సు షెడ్డు బయట, ఏటవాలుగా ఉన్న నేల మీద నిలబెట్టి ఉంది. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. పెళ్లికి బస్సు నడపడానికి ఒప్పుకున్న పెద్దాయన యాదగిరన్న, సరోజనక్క ఇద్దరూ నేను వెళ్లడం చూశారు.

మిల్లు గేటు దాటగానే, బ్యాటరీ వైరును బస్సు బాడీకి కలిపే ఎర్త్ బోల్టు బిగించలేదని గుర్తొచ్చింది. బ్యాటరీని ఆటో అతనితో పంపేసి వెనక్కి నడిచి వచ్చాను. వెనక వైపు నుంచి నేరుగా బస్సు కిందికి దూరి ముందు చక్రాల దాకా పాకాను. చిన్న పని, ఎవరికి చెప్పాలి?

నేను బోల్టు బిగిస్తుండగా వడ్ల లారీ వచ్చింది. దారికి బస్సు అడ్డం. కొంచెం వెనక్కి జార్చమని లారీ డ్రైవర్ కేకేసినట్టున్నాడు. యాదగిరన్న డ్రైవర్ సీట్లో కూర్చుంటే, లారీ అతనే దిగివచ్చి చక్రాల కింది రాళ్లు తీశాడు. రాయి కదిలిన చప్పుడు విన్నాను కానీ ఎందుకో అర్థం కాలేదు. లారీ ఇంజను రొదలో నా అరుపు నాకే వినపడలేదు. బస్సు కదిలింది. ముందు చక్రం నా భుజం మీదికి వస్తోంది. పక్కకు దొర్లుదామంటే చొక్కా ఏదో బోల్టుకు పట్టుకుంది.

అప్పుడు పైన బెల్లు మోగింది. ఒకే ఒక్కసారి, గట్టిగా.

బస్సు ఆగిపోయింది. ఎండకు కాగిన చక్రం రబ్బరు నా చెవికి వేడిగా తగిలింది.

వాళ్లు నన్ను బయటికి లాగారు. "నువ్వు పోయినవు గద తమ్మీ! గీడెట్ల ఉన్నవ్?" అన్నాడు యాదగిరన్న.

"మరి ఎందుకు బ్రేకు కొట్టినవ్ అన్నా?"

"బెల్లు మోగింది గద. అలవాటుతోటి కాలు పోయింది. అక్కే కొట్టిందనుకున్న."

సరోజనక్క బస్సు లోపలే ఉంది, ముందు సీట్లు తుడుస్తూ. ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. బటన్ వెనక తలుపు దగ్గర, బస్సు ఆ చివర. "నేను గాదు. నేను ముంగట ఉన్న," అంది. "మా మరిది కొట్టిండు తమ్మీ. గట్లనే కొడ్తుండె," అంది.

నాకు కావలసింది మరిది కాదు, ఒక వైరు. బస్సెక్కి చూశాను. నేను కత్తిరించిన చోట టేపు అలాగే ఉంది. రెండు చివరలూ విడివిడిగా వేలాడుతున్నాయి. బ్యాటరీ అప్పటికి తొర్రూరు దారిలో ఉంది. ఇంజను నడవడం లేదు కాబట్టి డైనమో నుంచీ కరెంటు వచ్చే వీలు లేదు.

లారీ హారనేమో అనుకున్నాను. ఆ డ్రైవర్ కింద నిలబడి ఉన్నాడు, అతనూ బస్సులో బెల్లు విన్నానన్నాడు. ఫోన్ అనుకున్నాను. ఎవరి ఫోన్‌కూ కాల్ రాలేదు. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. ఇంట్లో కూర్చున్నా వైర్లే కళ్ల ముందు ఆడాయి.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మళ్లీ వెళ్లాను. బ్యాటరీ బిగించి, కత్తిరించిన వైరు కలిపి, వెనక బటన్ నొక్కాను. బెల్లు మోగలేదు. మళ్లీ మళ్లీ నొక్కాను. చివరికి బెల్లునే విప్పి చూశాను. లోపల కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. దాని కింద రాగి చుట్ట తుప్పు పట్టి ఎప్పుడో తెగిపోయింది. కరెంటు ఉన్నా మోగే వస్తువు కాదది. మళ్లీ దాని చోట దాన్ని బిగించేశాను. వైరును మాత్రం మళ్లీ విడదీసి టేపు చుట్టాను.

పెళ్లికి నన్ను కూడా రమ్మన్నారు. పొద్దున్నే బయలుదేరాం. వరంగల్ దాటి, పరకాల మీదుగా భూపాలపల్లి దాకా ఆడవాళ్లు పాటలు పాడుతూనే ఉన్నారు. పెళ్లికూతురు వాళ్ల నాయిన సీటు వెనకే కూర్చుంది. మీటరు ముల్లు చెక్కుచెదరలేదు. నేను ఆ ముల్లును చూడాలి, కానీ నా కళ్లు దాని పైనున్న బెల్లు మీదికే పోతుండేవి. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి కిందికి వంగి చూసి వచ్చాను. యాదగిరన్న కూడా దిగి చూశాడు.

ఆ దారి పొడవునా బెల్లు మోగలేదు. ఆ తర్వాత ఎన్నడూ మోగినట్టు ఎవరూ చెప్పలేదు.

తెలిసిన మెకానిక్‌లను అడిగాను. ఒకరు పిడుగు అన్నారు, ఆ రోజు మబ్బే లేదు. ఒకరు నా భ్రమ అన్నారు. నలుగురికి ఒకేసారి ఒకే భ్రమ ఎట్లా కలుగుతుందో వాళ్లు చెప్పలేదు. దెయ్యం అని నేను ఇప్పటికీ అనను. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

యాదగిరన్న బ్రేకు ఎందుకు కొట్టాడంటే చెప్పగలను. బెల్లు మోగింది కాబట్టి. బెల్లు ఎందుకు మోగిందో మాత్రం ఏ వైరు వెంట వెతికినా దొరకలేదు.