కామాటిపుర జొన్న రొట్టె విమానం ఎక్కిన రోజు

హైదరాబాద్ మల్కాజిగిరిలో మాది జొన్న రొట్టెల కొట్టు. వారానికి ఒక్కరైనా వచ్చి "అన్నా, గల్ఫ్‌కు పంపుతవా? మా తమ్ముడు అక్కడ రొట్టె కోసం మొత్తుకుంటుండు" అని అడుగుతారు. కుదరదని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. అలాంటప్పుడు ముంబయి కామాటిపురలో ఉండే మా పద్మ వదిన ఫోన్ చేసి, "శనివారం నా రొట్టెలు మస్కట్ విమానం ఎక్కుతున్నయి, వచ్చి చూస్తవా మరిదీ?" అంది. చూడకుండా ఎట్లా ఉంటాను! వదిన మా పెద్దనాన్న కోడలు. పెద్దనాన్న తాతల కాలంలోనే పాలమూరు నుంచి భవనాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబం వాళ్లది.

రాత్రి బండెక్కితే పొద్దున దాదర్‌లో దింపుతుంది. అక్కడి నుంచి వెస్టర్న్ లోకల్ పట్టుకుని గ్రాంట్ రోడ్‌లో దిగాలి. టికెట్ పది రూపాయలు దాటదు. తూర్పు వైపు దిగి కామాటిపురలోని ఫోరస్ రోడ్ దాకా నడిస్తే పావుగంట. ఆటోల కోసం చూడకండి, ఆ వైపు ఆటోలు తిరగవు, టాక్సీలే. నేను శుక్రవారమే చేరాను. వదిన వాళ్లుండేది చాల్, అంటే వరుస గదుల పాత మేడ; దాని కింది అంతస్తులో రెండు గదులు, ఒకదాంట్లో పొయ్యిలు, ఇంకోదాంట్లో డీప్ ఫ్రీజర్. నలుగురు పాలమూరు ఆడవాళ్లు రొట్టెలు తడుతున్నారు. మొన్నటిదాకా సిమెంటు తట్టలు మోసినవాళ్లే. ఇప్పుడు నీడపట్టున కూర్చుని చేసే పని దొరికిందని వాళ్ల ముఖాల్లో ఎంత సంబరమో!

కానీ ఆ పని నిలవాలంటే ఈ మొదటి సరుకు నిలవాలి. మస్కట్‌లో మనవాళ్లకు మెస్ నడిపే ఒకాయన నమూనాగా పన్నెండు డబ్బాలు అడిగాడు. రొట్టెలు గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే చేరితే ప్రతి వారం ఆర్డరు. మెత్తబడి చేరాయా, ఇక అంతే. వదిన ఫ్రీజర్‌ను కిస్తుల మీద కొనేసింది. "తిరిగి తట్ట ఎత్తుడు నాతోని కాదు అక్కా" అని ఆ నలుగురిలో ఒకామె అంటుంటే వదిన పిండి కలుపుతూనే ఉంది.

శనివారం పొద్దున ఆరింటికి ప్యాకింగ్ మొదలైంది. రొట్టెను ముప్పావు వంతు కాల్చి, చల్లార్చి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి ముందే గడ్డకట్టించారు. వాటిని థర్మాకోల్ డబ్బాల్లో పేర్చి, పక్కల గడ్డకట్టిన జెల్ సంచులు పెట్టి, పైన అట్టపెట్టె తొడిగాం. డ్రై ఐస్ పెడితే దానికి వేరే నిబంధనలు, వేరే కాగితాలు. మూడు గంటల లోపు విమాన ప్రయాణానికి జెల్ చాలని ఎగుమతి పనులు చూసే ఏజెంట్ చెప్పారట. ఒక మాట గుర్తుంచుకోండి, విమాన సరుకుకు బరువు ఒక్కటే చూడరు, డబ్బా ఎంత చోటు తీసుకుంటే అంత లెక్క కడతారు. అందుకే డబ్బాలో ఖాళీ వదలకూడదు.

మధ్యలో నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గుముక్క తీగకు గుచ్చి అమ్మేవాడు వచ్చాడు. ముంబయిలో శనివారం వస్తే ప్రతి గుమ్మానికీ, ప్రతి దుకాణానికీ కొత్తది కట్టాల్సిందే. మా పెద్దమ్మ, అంటే వదిన అత్తగారు, ఒకటి కొని కొంగులో పెట్టుకుంది. డబ్బాలకు టేపు వేసేముందు మేమంతా చాయ్ తాగడానికి బయటికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి ఆమె డబ్బాల పక్కన కూర్చుని రొట్టెలకు కాపలా కాస్తోంది. పాపం పెద్దావిడ, ఎంత శ్రద్ధ అనుకున్నాను. శ్రద్ధే మరి!

పదకొండింటికి టెంపో వచ్చింది. విమానాశ్రయం సరుకుల గేటు దాకా పద్దెనిమిది వందలు. నడిపే శైలు కామాటిపురలోనే పుట్టిన తెలుగువాడు, రెండు తెలుగు మాటలకు మూడో మాట మరాఠీ. ముంబయి సెంట్రల్, వర్లి, మాహిం, బాంద్రా మీదుగా హైవే ఎక్కాలి. వర్లి సిగ్నల్ దగ్గర పావుగంట ఆగిపోతే నేను గొణుగుతూనే ఉన్నాను.

"టెన్షన్ నకో దాదా," అన్నాడు శైలు. "రొట్టెలకు లేని గర్మీ నీకెందుకు?"

వదిన మొదటిసారి నవ్వింది. ఒంటిగంటకు సహార్‌లో ఉన్న సరుకుల గేటు చేరాం. క్లియరింగ్ ఏజెంట్ మోరే గారు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. ఎగుమతి లైసెన్సు, ఫుడ్ లైసెన్సు, బిల్లులు, అన్నీ సరిచూసుకుని డబ్బాలు లోపలికి పంపారు. నాలుగింటిలోపు తనిఖీ ముగిస్తేనే సాయంత్రం విమానానికి ఎక్కుతాయి. ఇక మాకేం పని, వడాపావ్ తిన్నాం.

రెండున్నరకు మోరే గారు బయటికొచ్చారు. ముఖం చూస్తేనే తెలిసింది. "పదకొండు డబ్బాలు సరే. ఒకటి ఎక్స్‌రేలో ఆపారు. లోపల తీగ ఉంది, గుండ్రంగా ఏదో ఉంది, పక్కన నల్లటి ముక్క ఉంది. ఏం పెట్టారు మేడమ్?"

"రొట్టెలే సార్! దేవుని తోడు, జొన్న రొట్టెలే!" అంది వదిన.

సరుకంతా ఒకే బిల్లు మీద ఉంది. ఒక్క డబ్బా ఆగితే పన్నెండూ ఆగుతాయి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే కదా! తీగేమిటి, గుండ్రందేమిటి అని తల గోక్కుంటుంటే నాకు చాల్ గుమ్మం గుర్తొచ్చింది. మేం బయలుదేరేటప్పుడు గుమ్మానికి పోయిన వారం నిమ్మకాయే ఎండిపోయి వేలాడుతోంది. మరి పొద్దున కొన్నది ఏమైంది? వెంటనే ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, పొద్దున నిమ్మకాయ కొన్నవు గద, ఏడ కట్టినవ్?"

"రొట్టెల డబ్బాల పెట్టిన బిడ్డా. మూత కింద. మొదటిసారి సముద్రం దాటుతున్నయి, ఎందరి కండ్లు పడతయో ఏమో. ఎందుకు, కారిందా?"

నాకు కోపం, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చాయి. వదిన ఫోన్ లాక్కుని "అత్తమ్మా!" అని నెత్తి కొట్టుకుంది.

పంపినవారి ఎదుటే డబ్బా తెరవాలట. మోరే గారు మా ఇద్దరికీ పాసులు రాయించి లోపలికి తీసుకెళ్లారు. తనిఖీ అధికారి టేపు కోశాడు. మూత తీయగానే పైనే ఉంది, నిమ్మకాయ, ఏడు మిరపకాయలు, చివర బొగ్గుముక్క. జెల్ సంచి పక్కన పడుకుని రాయిలా గట్టిపడింది. ఆయన దాన్ని పైకెత్తి చూసి, పక్కాయనకు చూపించి, పగలబడి నవ్వాడు.

"మా ఇంటికీ ఉంది మేడమ్. కానీ పచ్చి కాయ కాగితాల్లో లేదు కదా, దీన్ని పంపలేం."

రొట్టెలను తట్టి చూశాడు, టకటకమని మోగాయి. మూత పెట్టి, టేపు వేసి, మళ్లీ ఎక్స్‌రే. మూడు యాభైకి మోరే గారు బొటనవేలు చూపించారు. వదిన ఆ సరుకుల షెడ్డు మెట్ల మీదే కూలబడి, చేతిలో నిమ్మకాయ పట్టుకుని భోరుమంది. నా పానం కూడా అప్పుడే లేచొచ్చింది. హమ్మయ్య అనే మాటకు అంత బరువుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆదివారం పొద్దున మస్కట్ నుంచి మెస్ ఆయన గొంతు వచ్చింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది వదిన. "అక్కా, రొట్టెలు బండల లెక్క వచ్చినయి. పెనం మీద ఏస్తే ఇంటి వాసన. పిలగాండ్లు కూర ఉడికేదాక కూడ ఆగలే. వచ్చే వారం ముప్పై డబ్బాలు పంపు." నలుగురు ఆడవాళ్లూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పెద్దమ్మ మాత్రం నా వైపు తిరిగి, "చూసినవా? వచ్చిన అడ్డం నిమ్మకాయ మీద పడ్డది, రొట్టెలు మంచిగ పోయినయి. దాని పని అది చేసింది," అంది. నిజానికి అట్లాగే జరిగింది కదా.

తిరుగు బండిలో ఎంతోసేపు ఆలోచించాను. చలి నిలపడానికి జెల్, దారి చూపడానికి ఏజెంట్, అడ్డు తొలగడానికి లైసెన్సులు, అన్నిటి గురించీ వదిన ఆరు నెలలు తిరిగి నేర్చుకుంది. పెద్దమ్మకు అవేవీ తెలియవు. కోడలి కష్టం వృథా కాకూడదని తనకు తెలిసిన ఒక్క జాగ్రత్తా తను తీసుకుంది. ఇప్పుడు మా కొట్టు నుంచి కూడా పంపాలని ధైర్యం వచ్చింది.

మీరూ పంపాలనుకుంటే నా సలహా ఒక్కటే: డబ్బాకు టేపు వేసేముందు మూత తీసి చివరిసారి మీరే చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లను కూడా అడగండి. నిమ్మకాయ వద్దని మాత్రం అనకండి, దాన్ని బండికి కట్టించండి. మా పెద్దమ్మ ఇప్పుడు శనివారం శనివారం రెండు కొంటోంది, ఒకటి గుమ్మానికి, ఇంకోటి శైలు టెంపోకు.