ఫ్రిజ్ లెక్కలో అత్తమ్మను మరిచాను

గద్వాలలో చీర కొనాలనీ, అమరచింతలో ఉన్న చెల్లెల్ని చూడాలనీ అత్తమ్మకు ఎన్నాళ్లుగానో కోరిక. మోకాళ్ల నొప్పులతో కమోడ్ లేని ఇంట్లో దిగనంటే దిగనంటుంది. అందుకే కమోడ్, మంచం, చిన్న ఫ్రిజ్ ఉన్న వ్యాను కిరాయికి తీసుకున్నాం. రోజుకు ఏడు వేలు, డీజిల్ మనదే. ఫ్రిజ్‌లో అత్తమ్మ నెల ఇన్సులిన్ ఉంది. ఆ రకం చిన్న ఊళ్లలో దొరకదు, పాలమూరు ఎండకు బయట పెడితే పాడవుతుంది. నా ప్రాణమంతా ఆ ఫ్రిజ్ మీదే.

పొద్దున ఐదున్నరకు హైదరాబాద్‌లో బయల్దేరి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగి పదింటికల్లా గద్వాల చేరాం. చీర బేరమయ్యాక, వెనక ఫ్రిజ్‌నూ ఫ్యాన్‌నూ నడిపే బ్యాటరీ మీటరు చూశాను. బండి నడిచినంతసేపూ వెనక బ్యాటరీ నిండాలి కదా, అది దిగుతోంది! ఓనరుకు ఫోన్ చేస్తే, "పరేషాన్ కాకుండ్రి మేడం, రెండు దినాలు ఆరాంగ వస్తది" అన్నాడు. ఆయనదేం పోయింది! మందు మీ ఫ్రిజ్‌లో పెట్టుకుంటారా అని చీర నేసినామెను అడిగాను. "పొద్దటి సంది కరెంటే లేదక్కా" అంది. ఐసులో పెడదామంటే, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

అక్కడే కూర్చుని మా ఆయనకు పైకే లెక్క చెప్పాను. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీ, మామూలు లెడ్ రకం, వాడాల్సింది సగమే. ఈ ఎండకు ఫ్రిజ్ ఆగకుండా నడుస్తుంది, దానికి నాలుగు ఆంపియర్లు, ఫ్యాన్‌కు రెండు. పదకొండింటికే ముప్పైమూడు అయిపోయాయి. మిగిలిన పదిహేడు ఫ్యానుంటే మూడు గంటలు కూడా రావు, లేకుంటే నాలుగు.

"సగమే ఎందుకే?" అంది అత్తమ్మ. అంతకన్నా దిగితే బ్యాటరీ పాడవుతుందని చెప్పాను. "ఓ గదా! మా బావిల గూడ అడుగు నీళ్లు తోడితే బురదే వస్తది. చెల్లెను రేపు చూస్త, ముందు వనపర్తికి పోనియ్‌రా" అంది కొడుకుతో. బ్యాటరీ పనివాళ్లు అక్కడున్నారట.

గంటన్నర దారి. పెబ్బేరులో ఆవేళ పశువుల సంత. మా ముందు డీసీఎం లారీ అడ్డంగా ఆగింది. "జర ఓపిక పట్టుండ్రి సార్, ఎద్దు ఎక్కుతలేదు" అన్నాడు దాని డ్రైవర్. నాకు చెమటలు పట్టాయి, ముందు సీట్లో ఏసీ ఉన్నా సరే. వెనక అత్తమ్మ పడుకుందని పరదా వేసే ఉంచాం. మీటరు మాత్రం నా లెక్క కన్నా మెల్లగా దిగుతోంది. హమ్మయ్య, వాడకం కొంచెం ఎక్కువే వేసుకున్నానని సంబరపడ్డాను.

వనపర్తిలో మెకానిక్ కోసం వెనక తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది. అత్తమ్మ చీర చెమటకు తడిసిపోయి, కళ్లు తేలేసి గోడకు ఒరిగి ఉంది. ఫ్యాన్ తిరగడం లేదు.

"నేనే బంద్ చేసిన బిడ్డా. మందు బతకాలె గద."

"ఆ మందు ఎవరికోసం అత్తమ్మా!" అని ఏడ్చేశాను. ముందు సీట్లోకి మార్చి, తడిగుడ్డతో తుడిచి, నీళ్లు తాగించాం. దవాఖానకు పోదామంటే ముందు వద్దంది, తర్వాత వచ్చింది. డాక్టర్ సెలైన్ పెట్టి సాయంత్రానికి పంపించాడు. ఈలోపు మెకానిక్, ఇంజిన్ నుంచి వెనక బ్యాటరీకి ఛార్జింగ్ వచ్చే తీగలో పోయిన ఫ్యూజు మార్చాడు, పావుగంట పని.

ఫ్రిజ్‌లో మందు చల్లగానే ఉంది. దాన్ని చూస్తే నాకు సంతోషం రాలేదు, సిగ్గేసింది. నాగర్‌కర్నూల్ వైపైనా, ఇటువైపైనా ఇలాంటి బండిలో వచ్చేవాళ్లు, ఓనరు ఎదురుగానే ఇంజిన్ స్టార్ట్ చేయించి వెనక బ్యాటరీ మీటరు పెరుగుతోందో లేదో చూసుకోండి. గంటల లెక్క వేసేటప్పుడు మనుషుల ఫ్యాన్ ముందు రాసుకోండి, ఫ్రిజ్ తర్వాత. మర్నాడు అమరచింతలో అత్తమ్మ చెల్లెలితో నవ్వుతూ చెప్పింది: "మా కోడలు లెక్కల మస్తు హుషారే. నన్నొక్కదాన్నే మర్చిపోయింది."