సలోమి ఆంటీ వెనక్కి తిప్పించిన కారు

ఈ వేసవి సెలవుల్లో డెన్వర్ నుంచి కొండల వైపు వెళ్తున్నాం. మలుపులు మొదలవగానే వెనక సీట్లో ఉన్న మా అమ్మాయి హన్నా, కడుపులో తిప్పుతోందని ఒక నిమ్మకాయ తీసి గోటితో గీరి వాసన చూసుకుంది. ఆ వాసన ముందు సీటు దాకా వచ్చింది. నేనూ, నా భార్య నీరజా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. హన్నాకి ఆ చిట్కా నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది.

ఆమె పేరు సలోమి. మేమంతా సలోమి ఆంటీ అనేవాళ్ళం. తెనాలి దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక మేముండే షామ్‌బర్గ్‌లో కొడుకు దగ్గరికి వచ్చింది. మాదీ అదే అపార్ట్‌మెంట్, అదే తెలుగు చర్చి. నూలు చీర మీద కొడుకు పాత జాకెట్ వేసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచేది. ఉత్తరాలు తెచ్చే ఆయన దగ్గర్నుంచి మెట్లు తుడిచే ఆవిడ దాకా అందరి పేర్లూ ఆమెకి తెలుసు. ‘యువర్ నేమ్?’ అని అడిగేది, ఒకసారి విన్న పేరు మళ్ళీ మరిచేది కాదు. నాకు ఆ మెట్లు తుడిచే ఆవిడ మొహం కూడా సరిగ్గా తెలియదు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవాణ్ణి, ప్రార్థన చేసేవాణ్ణి. ‘విజయ్ ప్రార్థన చేస్తే కళ్ళ నీళ్ళు వస్తాయి’ అని పెద్దవాళ్ళు అంటుంటే, పైకి తల వంచుకున్నా లోపల ఎంతో హాయిగా ఉండేది.

ఏడేళ్ళ క్రితం ఎల్లోస్టోన్ పార్కు చూడ్డానికి కార్లో బయల్దేరాం. ఆంటీ కొడుకు ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉండడంతో, ఆమెని ఒంటరిగా వదిలేయడం ఎందుకని నీరజ వెంట రమ్మంది. ఏ గంటకి ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో నేను ముందే టైప్ చేసి ప్రింట్ తీసి పెట్టుకున్నాను. విస్కాన్సిన్ దాటకముందే ఆ కాగితం పని అయిపోయింది.

“బాబూ, కాస్త ఆపు.”

“ఇప్పుడే గదా ఆంటీ ఆపాం! లేటైపోతోంది.”

“నీ కాగితంలో ఒంటేలుకి టైం రాసుకోలేదా నాయనా?” అంది. నీరజా హన్నా పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు.

సాయంత్రానికి సౌత్ డకోటాలో ఒక చిన్న ఊరు చేరాం. మోటెల్ కౌంటర్‌లో యాభై దాటిన ఒకావిడ ఉంది. డోనా అని పేరు బ్యాడ్జి పెట్టుకుంది. కంప్యూటర్లో రెండుసార్లు వెతికి, ఆ రోజుకి నా పేరు మీద బుకింగ్ లేదంది. పద్నాలుగు గంటల ప్రయాణం అలసటంతా నోటికొచ్చింది. పని చేతకానివాళ్ళని ఇలాంటి చోట ఎందుకు కూర్చోబెడతారని గట్టిగా అరిచాను. లాబీలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె లాండ్రీ పక్కన ఖాళీగా ఉన్న గది ఒకటి చూసి తాళం ఇచ్చింది. గదిలోకి వెళ్ళాక కూడా నా కోపం తీరలేదు. మంచం మీద కూర్చుని, ఆమె పేరు పెట్టి మరీ ఒక్క స్టార్ రివ్యూ రాశాను. ఆ తర్వాతే కుటుంబ ప్రార్థన చేయించాను. క్షేమంగా చేర్చినందుకు దేవుడికి చాలా చక్కగా స్తోత్రం చెప్పాను.

మర్నాడు అరవై మైళ్ళు వెళ్ళాక కాఫీకి ఆగాం. తర్వాతి హోటల్ వివరాల కోసం నీరజ నా ఫోన్ తీసుకుంది. కాసేపు చూసి, మెల్లగా అంది: “విజయ్, నిన్నటి రూమ్ నువ్వు ఇవాళ్టికి బుక్ చేశావు.”

“సర్లే, అయిపోయిందిగా. పద,” అన్నాను. రివ్యూ రాసిన సంగతి కూడా అప్పుడే బయటపడింది.

కారెక్కాక ఆంటీ అంది: “వెనక్కి తిప్పు బాబూ.”

“పోయి రావడానికి రెండు గంటలు ఆంటీ! ఫోన్ చేసి సారీ చెప్తాను.”

“తిట్టింది ఫోన్లో కాదుగా.”

ఆమె గొంతు పెంచలేదు. “నీ ప్రార్థన బాగుంటుందయ్యా. రాత్రి కూడా బాగానే చేశావు. కానీ ఆవిడకి తెలుగు రాదుగా. మనం ప్రభువు బిడ్డలమని ఆమెకెలా తెలుస్తుంది? ఆమెకి అర్థమైంది నీ అరుపొక్కటే.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా కారు వెనక్కి తిప్పాను. దారిపొడవునా గడ్డి మైదానాలు, అక్కడక్కడా ఆవులు.

ఆ పూట కూడా డోనానే డ్యూటీలో ఉంది. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి ఒకడుగు వెనక్కి వేసింది. నేను చేసిందేమిటో ఆ అడుగుతో తెలిసింది నాకు. తప్పు నాదేనని, తేదీ నేనే తప్పు కొట్టానని, అలా మాట్లాడి ఉండకూడదని చెప్పాను. ఆమె కీబోర్డు వైపే చూస్తూ మాట్లాడింది. పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేసి ఆ రివ్యూ గురించి అడిగాడని, తను చేరి రెండు వారాలే అయిందని చెప్పింది. ఆమె ఎదురుగానే రివ్యూ తీసేశాను. మేనేజర్‌కి ఫోన్ కలపమని అడిగి, ఆమె తప్పేమీ లేదని ఆయనకీ చెప్పాను. అంతా అయ్యాక డోనా ‘ఓకే’ అంది. అంతే. మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగిపోయింది. ఆంటీ మాత్రం కౌంటర్ మీదున్న ఆమె చేతిని ఒకసారి తాకి, “డోనా, గాడ్ బ్లెస్ యూ మా,” అంది.

కార్లోకి రాగానే ఉక్రోషం ఆగలేదు. “చూశారా ఆంటీ? ఇంత దూరం వెనక్కొస్తే ఒక థాంక్స్ కూడా లేదు.”

“క్షమించమని అడగడానికి వచ్చాం గానీ, మంచివాడివని సర్టిఫికెట్ తీసుకోడానికా?” అంది ఆంటీ. సీటు బెల్టు పెట్టుకుంటూ, “క్షమించడం ఆవిడిష్టం నాయనా. ఆమెకి వీలైనప్పుడు క్షమిస్తుంది,” అంది.

వేడినీళ్ళ బుగ్గలు, అడవి దున్నలు, లోయలు, అన్నీ చూశాం. ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. తిరిగొచ్చిన తర్వాతి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే ప్రభువు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. రొట్టె తీసుకునే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమని పాస్టర్‌గారు మౌనంగా కొంత సమయం ఇస్తారు. అంతకుముందు ఆ సమయంలో ‘నా పాపాలు క్షమించు’ అని గంపగుత్తగా అడిగేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఒకడుగు వెనక్కి వేసిన మనిషి కళ్ళ ముందు నిలబడింది. దయగా ఉంటానని బాప్తిస్మం రోజున పదహారేళ్ళ వయసులో ఇచ్చిన మాటని, నలభై ఏళ్ళప్పుడు మళ్ళీ మొదట్నుంచి ఇవ్వాల్సి వచ్చింది. ఆరాధన అయ్యాక అందరం చర్చిలోనే భోజనాలకి కూర్చున్నాం. ఆంటీ నా ప్లేట్‌లో ఇంకో గరిటె బిర్యానీ వేసి వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఏడాది ఆమె తెనాలి వెళ్ళిపోయింది. అప్పుడప్పుడూ వీడియో కాల్లో కనబడితే, “మెట్లు తుడిచే మరియా ఎలా ఉంది?” అని అడిగేది. ఆమెకి చెప్పడానికైనా మరియాతో మాట్లాడడం మొదలుపెట్టాను. పోయిన ఏడాది, అమ్మ ఇక లేదని ఆంటీ కొడుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చునే విన్నాను.

నేను పూర్తిగా మారిపోయానంటే నీరజ ఒప్పుకోదు. కోపం ఇప్పటికీ వస్తుంది. కానీ ప్రతి నెలా బల్ల దగ్గర ఆ మౌనంలో నాకు కొన్ని మొహాలు కనిపిస్తాయి. కొందరిని వెతుక్కుంటూ వెళ్ళాను. కొందరు నవ్వేశారు, ఒకాయన తలుపు కూడా తీయలేదు. పోయిన నెల మీటింగ్‌లో పదిమంది ముందు నేను వెటకారం చేసిన కుర్ర ఇంజినీర్ శ్రావ్య ఇంకా మిగిలే ఉంది. నా డెస్క్ నుంచి ఆ అమ్మాయి డెస్క్‌కి ఇరవై అడుగులు కూడా ఉండవు. మూడు వారాలుగా ఆ కాస్త దూరం నడవలేకపోతున్నాను.

సెలవులు ముగించుకుని ఇంటికొచ్చాం. రేపు సోమవారం. ఆఫీసుకి వెళ్ళగానే బ్యాగ్ దింపకముందే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్తాను.